అమెరికాలో మీ కారుకు రీకాల్ ఉందా? చూసుకునే పద్ధతి, హక్కులు, గడువులు: తరచూ అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉద్యోగం చేస్తూ కారు కొనుక్కున్నవారు, చదువుకు వచ్చి సీనియర్ల దగ్గర పాత కారు తీసుకున్న విద్యార్థులు, లీజు కారు నడుపుతున్నవారు రీకాల్‌ల గురించి అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ఇవి ఫెడరల్ చట్టం మేరకు చెప్పినవి. మీరుండే రాష్ట్రంలోని చట్టం అదనపు హక్కులు ఇచ్చి ఉండవచ్చు. ఇది సాధారణ సమాచారం. ఫలానా వివాదంపై ఇచ్చే న్యాయసలహా కాదు.

ఈ వ్యాసంలో ‘సంస్థ’ అంటే అమెరికా రవాణా శాఖ కింద పనిచేసే జాతీయ రహదారి ట్రాఫిక్ భద్రతా సంస్థ, అంటే ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ. ‘సాధనం’ అంటే ఆ సంస్థ వెబ్‌సైటులో రీకాల్‌లు వెతకడానికి పెట్టిన పేజీ. ‘విన్’ అంటే వాహన గుర్తింపు సంఖ్య. ‘పెండింగ్ రీకాల్’ అంటే ఆ వాహనానికి వర్తించి, పని ఇంకా పూర్తికాని భద్రతా రీకాల్. ‘ఉచిత పరిష్కారం’ అంటే చట్టం ప్రకారం తయారీదారు తన ఖర్చుతో చేయవలసిన మరమ్మతు, మార్పిడి లేదా డబ్బు వాపసు.

1. ఏది రీకాల్ అవుతుంది? ఏది కాదు?

1966 నాటి జాతీయ ట్రాఫిక్, మోటారు వాహన భద్రతా చట్టం ప్రకారం రీకాల్‌కు ఆధారాలు రెండే. ఒకటి, వాహనంలో భద్రతకు సంబంధించిన లోపం ఉండటం. రెండు, వాహనం ఫెడరల్ భద్రతా ప్రమాణాలకు తగినట్లు లేకపోవడం. ఈ రెంటిలో ఏది నిర్ధారణ అయినా తయారీదారు ఐదు పనిదినాల్లో సంస్థకు నివేదించాలి. తయారీదారు కదలకపోతే సంస్థ విచారించి రీకాల్‌కు ఆదేశించవచ్చు. ఆచరణలో ఎక్కువ భాగం తయారీదారులు తామే ప్రకటించేవి.

ఏసీ సరిగా చల్లబడకపోవడం, పెయింటు పెచ్చులూడటం వంటివి సాధారణంగా భద్రతా లోపాలు కావు. డీలర్లకు వెళ్లే సాంకేతిక సర్వీస్ బులెటిన్లు, వారంటీ పొడిగింపులు, కస్టమర్ల సంతృప్తి పేరిట నడిపే కార్యక్రమాలు రీకాల్‌లు కావు. వాటిలో మీకేం దక్కుతుందో తయారీదారు పెట్టే షరతులు నిర్ణయిస్తాయి. రీకాల్‌లో దక్కేది చట్టం ఇచ్చిన హక్కు.

అందుచేత ఇంటికొచ్చిన ఉత్తరం ఏ రకానిదో ముందు తేల్చుకోవాలి. అసలైన రీకాల్ నోటీసు కవరు మీద రవాణా శాఖ, సంస్థల లోగోలతో అది భద్రతా రీకాల్ నోటీసు అని తెలిపే ముద్ర ఉంటుంది. లోపలి ఉత్తరం, పై చట్టాన్ని అనుసరించి ఈ నోటీసు పంపుతున్నాం అన్న వాక్యంతో మొదలవుతుంది. ఎర్ర అక్షరాలతో భయపెట్టి వారంటీ అమ్మజూపే ఉత్తరాలు అమెరికాలో ప్రతి పోస్టు పెట్టెలోకీ వస్తాయి. వాటిని చూసి విసిగి అసలు నోటీసును చెత్తబుట్టలో వేసేవారు తక్కువేమీ కాదు.

2. ఈ సాధనం ఎవరిది? రుసుము ఉందా?

సంస్థదే. రుసుము లేదు. 2012లో కాంగ్రెస్ చేసిన చట్టం ఆధారంగా నిబంధనలు వచ్చాయి. 2014 ఆగస్టు 20 నుంచి విన్ ఆధారంగా వెతికే వీలు కలిగింది. ఏడాదికి 25,000 లేదా అంతకు మించి తేలికపాటి వాహనాలు తయారుచేసే తయారీదారు, 5,000 లేదా అంతకు మించి మోటారు సైకిళ్లు తయారుచేసే తయారీదారు తమ రీకాల్ సమాచారాన్ని విన్ ఆధారంగా ఆన్‌లైన్‌లో ఉచితంగా అందుబాటులో ఉంచాలి. కనీసం ఏడు రోజులకు ఒకసారి దాన్ని నవీకరించాలి. సాధనం చూపించేది ఈ సమాచారాన్నే. అంటే తయారీదారు ఇచ్చిన వివరం ఎంత తాజాదో, సాధనం ఇచ్చే జవాబూ అంతే తాజాది.

సాధనానికి విన్ చాలు. సోషల్ సెక్యూరిటీ నంబరు, కార్డు వివరాలు అడిగే పేజీ ఏదైనా సరే, అది సంస్థది కాదని భావించి బయటికి రావాలి.

3. విన్ ఎక్కడ దొరుకుతుంది? ఎక్కించేటప్పుడు ఏ జాగ్రత్తలు అవసరం?

డ్రైవరు వైపు ముందు అద్దం కింది మూలలో, డాష్‌బోర్డు మీద, బయటి నుంచి చదవగలిగేలా ఉంటుంది. డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద, రిజిస్ట్రేషన్ పత్రంలో, సాధారణంగా బీమా కార్డు మీద కూడా ఉంటుంది. 1981 మోడల్ నుంచి విన్‌లో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. అంకెలతో పొరపాటు పడకుండా ఐ, ఓ, క్యూ అనే ఆంగ్ల అక్షరాలను విన్‌లో వాడరు. కాబట్టి ఓ లాగా కనిపించేది సున్నా, ఐ లాగా కనిపించేది ఒకటి.

కారు కొనబోతున్నట్లయితే విన్‌ను ప్రకటనలో నుంచి గాని, అమ్మేవారి మెసేజీలో నుంచి గాని తీసుకోకూడదు. డాష్‌బోర్డు మీది విన్, తలుపు స్టిక్కరు మీది విన్, టైటిల్ (యాజమాన్య పత్రం) మీది విన్ మూడూ ఒకటేనని కళ్లతో చూసి, ఆ తర్వాతే సాధనంలో ఎక్కించాలి. మూడూ కలవకపోతే సమస్య రీకాల్‌ది కాదు. ఆ కారు కొనవద్దు.

4. కంపెనీ పేరు, మోడల్, సంవత్సరం ఇచ్చి వెతికితే చాలదా?

చాలదు. అలా వెతికితే ఆ మోడల్‌పై వచ్చిన రీకాల్‌లన్నీ కనిపిస్తాయి. ఒక రీకాల్ ఆ మోడల్‌లో కొన్ని తేదీల మధ్య, కొన్ని ఫ్యాక్టరీల్లో తయారైన వాహనాలకే వర్తించవచ్చు. మీ వాహనం అందులో ఉందా, ఉంటే పని ఇప్పటికే జరిగిందా అన్నది విన్ ద్వారానే తేలుతుంది.

అయితే మోడల్ ద్వారా వెతకడం వ్యర్థం కాదు. అందులో రీకాల్ సంఖ్య, లోపం వివరణ, తయారీదారు సమర్పించిన పత్రాలు, ఇతర యజమానుల ఫిర్యాదులు దొరుకుతాయి. రీకాల్ సంఖ్యలో మొదటి రెండంకెలు సంవత్సరాన్ని, తర్వాతి అక్షరం రకాన్ని చెబుతాయి: వి అయితే వాహనం, ఇ అయితే విడిభాగం, టి అయితే టైరు, సి అయితే చైల్డ్ సీటు. డీలరుకు ఫోన్ చేసేటప్పుడు, క్లెయిమ్ రాసేటప్పుడు ఈ సంఖ్యనే పేర్కొనాలి.

5. పెండింగ్ రీకాల్ సున్నా అని వచ్చింది. ఇక నిశ్చింతగా ఉండవచ్చా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే కాబట్టి వివరంగా చెప్పాలి. సున్నా అంటే, ఆ తయారీదారు ఇచ్చిన సమాచారం మేరకు, ఆ రోజుకు ఆ విన్‌పై పెండింగ్ రీకాల్ నమోదై లేదని మాత్రమే. వాహనంలో లోపం లేదని గాని, గతంలో రీకాల్ రాలేదని గాని, రేపు రాదని గాని దానికి అర్థం కాదు. ఆ పేజీ వాహనం కండిషన్‌కు సర్టిఫికెట్ కాదు.

ఈ కింది సందర్భాల్లో రీకాల్ ఉన్నా, గతంలో ఉన్నా, సాధనంలో కనిపించకపోవచ్చు.

రీకాల్ ఇటీవలే ప్రకటించి, ఏయే విన్‌లకు వర్తిస్తుందో తయారీదారు ఇంకా తేల్చకపోతే కనిపించకపోవచ్చు. వార్తల్లో మీ మోడల్ పేరు విని అదే రోజు వెతికి సున్నా చూస్తే, దాన్ని అంతిమ సమాధానంగా తీసుకోకండి. కొన్ని రోజులు ఆగి మళ్లీ వెతకండి.

రీకాల్ వచ్చి 15 ఏళ్లు దాటితే సాధనంలో ఉండకపోవచ్చు, తయారీదారు అంతకు మించి సమాచారం ఇస్తే తప్ప. పాత వాహనం అయితే నేరుగా తయారీదారుకు ఫోన్ చేసి విన్ చెప్పి అడగాలి.

చిన్న తయారీదారులు, కొన్ని అతి ఖరీదైన బ్రాండ్లు సాధనంలో ఉండవు. అమెరికా మార్కెట్ కోసం తయారుకాని వాహనాలు కూడా ఉండవు. కెనడా నుంచి కారుతో సహా తరలివచ్చినవారు అక్కడి రవాణా శాఖ రీకాల్ సమాచారాన్ని, తయారీదారునూ విడిగా సంప్రదించాలి.

ఇప్పటికే పని పూర్తయిన రీకాల్‌ను సాధనం చూపదు. భద్రతతో సంబంధం లేని కార్యక్రమాలనూ చూపదు.

టైర్లు, చైల్డ్ సీట్ల విషయంలో విన్ పనికిరాదు. వాటి గురించి 13వ సమాధానం చూడండి.

ఫలితం వచ్చిన పేజీని తేదీ కనిపించేలా భద్రపరచుకోవాలి. ముఖ్యంగా కొనే రోజున ఇది తప్పనిసరి అని నా అభిప్రాయం. అమ్మినవారు ఒకటి చెప్పి, తర్వాత మరొకటి తేలితే మీ చేతిలో ఉండే కాగితం అదొక్కటే.

6. పెండింగ్ రీకాల్ ఉంది, కానీ పరిష్కారం ఇంకా అందుబాటులో లేదని వచ్చింది. ఏం చేయాలి?

తయారీదారు సంస్థకు నివేదించిన తేదీ నుంచి 60 రోజుల్లో యజమానులకు పోస్టులో నోటీసు పంపాలి. అప్పటికి విడిభాగాలు సిద్ధంగా లేకపోతే మధ్యంతర నోటీసు పంపి, సిద్ధమయ్యాక రెండో నోటీసు పంపాలి. మధ్యంతర నోటీసులోని జాగ్రత్తలను అక్షరాలా పాటించాలి.

రెండు రకాల హెచ్చరికలను మాత్రం మామూలు రీకాల్‌లతో కలిపి చూడకూడదు. మొదటిది, పని పూర్తయ్యేదాకా వాహనం నడపవద్దు అన్నది. రెండోది, మంటలు చెలరేగే ప్రమాదం ఉంది గనక ఇంటి గరాజులో కాకుండా ఆరుబయట, కట్టడాలకు దూరంగా నిలపండి అన్నది. మొదటిది ఉంటే డీలరు దగ్గరికి కూడా నడుపుకుంటూ వెళ్లకూడదు. టో చేయించే ఏర్పాటు గురించి, మీ ఇంటికే వచ్చి బాగుచేసే వీలు గురించి తయారీదారునే అడగండి. చాలా సందర్భాల్లో తయారీదారులే ఆ ఏర్పాటు చేస్తారు.

టకాటా ఎయిర్‌బ్యాగుల రీకాల్ ఇందుకు ఉదాహరణ. అమెరికాలో ఎయిర్‌బ్యాగును ఉబ్బించే దాదాపు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లకు అది వర్తించింది. వాటిలో వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికి, తేమకు గురైతే పాడవుతుంది. ప్రమాద సమయంలో ఇన్‌ఫ్లేటరు పేలి లోహపు ముక్కలు లోపలివారి మీదికి దూసుకువస్తాయి. ఫ్లోరిడా, టెక్సస్ గల్ఫ్ తీరం వంటి వేడి, తేమ ప్రాంతాల్లో తిరిగిన పాత కార్లకు ఈ ముప్పు ఎక్కువ. వివిధ తయారీదారుల వాహనాల్లో ఈ ఇన్‌ఫ్లేటర్లు ఉన్నాయి. 2000 దశకంలో తయారైన కారు తక్కువ ధరకు వస్తోందని తీసుకునే విద్యార్థి మొదట చూడవలసింది ఇదే.

7. ఉచిత పరిష్కారం ఎవరికి దక్కుతుంది? కారు పాతదైతే?

ఉచిత పరిష్కారం వాహనాన్ని అంటిపెట్టుకుని ఉండే హక్కు. మీరు మొదటి యజమాని కానక్కర్లేదు. వారంటీ ముగిసినా, సర్వీసు బయటి మెకానిక్ దగ్గర చేయించినా, ‘ఉన్నది ఉన్నట్లుగా’ అన్న షరతు మీద కొన్నా హక్కు పోదు. టైటిల్ మీద సాల్వేజ్ (తీవ్రంగా దెబ్బతిన్న వాహనం) అని ఉందన్న ఒక్క కారణంతో నిరాకరించే వీలు కూడా చట్టంలో లేదు. కాకపోతే లోపమున్న భాగమే ప్రమాదంలో దెబ్బతిన్నా, దాన్ని మార్చేసినా వివాదానికి ఆస్కారం ఉంటుంది.

పరిమితి ఒకటి ఉంది. తొలి కొనుగోలుదారు వాహనం కొన్న తేదీకీ, రీకాల్ నోటీసు ఇచ్చిన తేదీకీ మధ్య 15 ఏళ్లు మించితే ఉచితంగా చేయాలన్న బాధ్యత తయారీదారుకు లేదు. 2015కు ముందు ఇది 10 ఏళ్లు. టైర్లకు 5 ఏళ్లు.

ఇక్కడ లెక్కలోకి వచ్చేది నోటీసు తేదీ. మీరు డీలరు దగ్గరికి వెళ్లిన తేదీ కాదు. 2008లో తొలిసారి అమ్ముడై, 2016లో నోటీసు వెలువడిన కారుకు పని ఇంకా జరగకపోతే, ఈ రోజు మీరు తీసుకెళ్లినా ఉచిత పరిష్కారం అడగవచ్చు. కారు పాతదైపోయింది, రీకాల్ గడువు తీరిపోయింది అని సర్వీస్ కౌంటరులో చెబితే, ఈ రెండు తేదీలు అడిగి రాసుకోండి.

మరమ్మతా, మార్పిడా, డబ్బు వాపసా అన్నది ఎంచుకునే అధికారం మొదట తయారీదారుదే. డబ్బు వాపసు అయితే తరుగుదల మినహాయిస్తారు.

8. ఏ డీలరు దగ్గరికి వెళ్లాలి? డబ్బు అడిగితే?

ఆ బ్రాండ్‌కు చెందిన అధీకృత డీలరు ఎవరైనా సరే. మీరు కొన్న డీలరే కానక్కర్లేదు, కొన్న రాష్ట్రమే కానక్కర్లేదు. బయటి గరాజులో ఆ భాగం మార్పిస్తే రీకాల్ పూర్తయినట్లు తయారీదారు దగ్గర నమోదు కాదు. సాధనంలో పెండింగ్ రీకాల్ అలాగే కనిపిస్తుంది.

రీకాల్ పనికి విడిభాగం ధర, కూలి ఏదీ మీరు చెల్లించనక్కర్లేదు. ఆ సందర్భంగా డీలరు సూచించే బ్రేక్ ప్యాడ్లు, ఫిల్టర్లు, ఫ్లూయిడ్ మార్పిడి వంటి వేరే పనులు మీ ఇష్టం. వాటికి ఒప్పుకుంటేనే రీకాల్ పని చేస్తామంటే, ఆ మాటను రాతపూర్వకంగా ఇవ్వమనండి. ఇలా అడిగిన తర్వాత ఆ షరతు తరచూ మాయమవుతుంది.

వెళ్లేముందు అపాయింట్‌మెంట్, విడిభాగం నిల్వ రెండూ నిర్ధారించుకోండి. పని అయ్యాక రీకాల్ సంఖ్య, విన్, తేదీ ఉన్న రిపేర్ ఆర్డరు ప్రతి తీసుకోండి. సున్నా డాలర్ల పనికి బిల్లు ఎందుకని వదిలేయకండి. సాధనంలో మార్పు కనిపించడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. అప్పటిదాకా రుజువు ఆ కాగితమే.

9. డీలరు రేపు మాపు అంటూ తిప్పుతున్నాడు. చట్టంలో గడువు ఉందా?

ఉంది. మరమ్మతు కోసం వాహనాన్ని సమర్పించిన తర్వాత 60 రోజుల్లో తగిన విధంగా బాగుచేయకపోతే, సమంజసమైన సమయంలో బాగుచేయలేదనడానికి అది ప్రాథమిక సాక్ష్యం అవుతుంది. అలాంటప్పుడు తయారీదారు అదే రకమైన లేదా దాదాపు సమానమైన వాహనం ఇవ్వాలి, లేదా తరుగుదల పోను కొనుగోలు ధర తిరిగి ఇవ్వాలి. తగిన కారణం ఉంటే ఈ 60 రోజుల గడువును ప్రభుత్వం ఆదేశం ద్వారా పొడిగించవచ్చు. ప్రాథమిక సాక్ష్యం అంటే అంతిమ తీర్పు కాదు. తయారీదారు తన కారణాలు చూపించుకోవచ్చు.

60 రోజులు ఎప్పుడు మొదలయ్యాయన్నదే ఇలాంటి వివాదాల్లో కీలకం. ఫోన్‌లో అడిగి ఊరుకుంటే రుజువు ఉండదు. వాహనాన్ని తీసుకెళ్లి, తేదీ వేసిన సర్వీస్ పత్రం తీసుకోండి. విడిభాగం లేదని వెనక్కి పంపితే ఆ మాటే పత్రం మీద రాయించండి. అది కుదరకపోతే అదే రోజు డీలరుకు, తయారీదారు కస్టమర్ విభాగానికి ఈమెయిల్ పంపండి. అందులో విన్, రీకాల్ సంఖ్య, తేదీ, వారు చెప్పిన జవాబు ఉండాలి.

మరో రెండు సంగతులు చెప్పడం నా బాధ్యత. మొదటిది, పని జరిగే రోజుల్లో మీకు వేరే కారు ఇవ్వాలని ఫెడరల్ చట్టం నిర్బంధించదు. కొందరు తయారీదారులు ఇస్తారు; అడగండి. రెండోది, ఈ చట్టం ఆధారంగా వ్యక్తులు నేరుగా నష్టపరిహారం దావా వేయలేరని ఫెడరల్ కోర్టులు సాధారణంగా చెబుతూ వచ్చాయి. అందువల్ల మొదటి మెట్టు తయారీదారుకు రాతపూర్వక ఫిర్యాదు, రెండో మెట్టు సంస్థకు ఫిర్యాదు. లోపం వల్ల గాయమైనా, ఆస్తి నష్టమైనా, లోపభూయిష్ట వాహనాలపై ఉండే రాష్ట్ర లెమన్ చట్టం లేదా వారంటీ చట్టం వర్తించేలా ఉన్నా, ఆ రాష్ట్రంలో ప్రాక్టీసు చేసే న్యాయవాదిని ఆలస్యం లేకుండా కలవండి. వాటి కాలపరిమితులు వేరు, రాష్ట్రానికో తీరు.

10. రీకాల్ రాకముందే నా డబ్బుతో బాగుచేయించుకున్నాను. తిరిగి వస్తుందా?

షరతులకు లోబడి వస్తుంది. చేయించిన పని అదే లోపానికి సంబంధించినదై ఉండాలి; తయారీదారు ప్రకటించిన కాలవ్యవధిలో జరిగి ఉండాలి. లోపం విషయంలో ఆ వ్యవధి ఆరంభం, సంస్థ ఇంజినీరింగ్ విశ్లేషణ మొదలుపెట్టిన తేదీ లేదా తయారీదారు సంస్థకు నివేదించిన తేదీకి ఏడాది ముందు, ఈ రెంటిలో ఏది ముందైతే అది. ముగింపు, యజమానులకు చివరి నోటీసు పోస్టు చేసిన 10 రోజులకు ముందు ఉండకూడదు. ఆ తర్వాత సొంత ఖర్చుతో చేయించుకుంటే తయారీదారు నిరాకరించవచ్చు. అందుకే నోటీసు వచ్చాక బయట డబ్బు పెట్టి చేయించడం మంచిది కాదు. వారంటీలో ఉచితంగా జరగాల్సిన పనిని వారంటీ కాలంలోనే బయట డబ్బిచ్చి చేయించుకున్నా నిరాకరణకు అవకాశం ఉంది. అయితే వారంటీ కింద అడిగితే డీలరు కాదన్నాడని చూపగలిగితే సంగతి వేరు.

క్లెయిమ్‌తో పేరు, చిరునామా, విన్, రీకాల్ సంఖ్య, ఏ పనికి ఎంత చెల్లించారో తెలిపే రసీదు పంపాలి. అసలు రసీదులు మీ దగ్గరే ఉంచుకుని ప్రతులు పంపండి. క్లెయిమ్ అందిన 60 రోజుల్లో తయారీదారు స్పందించాలి: చెల్లించాలి, లేదా కారణాలు స్పష్టంగా చెబుతూ నిరాకరించాలి, లేదా ఏ పత్రాలు తక్కువయ్యాయో చెప్పి మళ్లీ పంపే అవకాశం ఇవ్వాలి.

11. నాకు నోటీసే రాలేదు. హక్కు పోయినట్లేనా?

వాహనం విషయంలో పోదు. నోటీసులు సాధారణంగా రాష్ట్ర రిజిస్ట్రేషన్ రికార్డుల్లోని పేరుకు, చిరునామాకు వెళతాయి. ఉద్యోగం మారి డల్లాస్ నుంచి న్యూజెర్సీకి వెళ్లినవారి నోటీసు డల్లాస్ అపార్ట్‌మెంటుకు వెళ్లి ఉండవచ్చు. ఇండియాకు తిరిగి వెళ్లిపోయిన స్నేహితుడి పేరు మీదే కారు ఉంచి నడుపుతున్నవారికి నోటీసు ఎన్నటికీ రాదు. ఆ ఏర్పాటులో బీమా చిక్కులూ ఉన్నాయి. టైటిల్ వెంటనే మార్పించుకోండి. చిరునామాను రాష్ట్ర మోటారు వాహన విభాగంలోనూ, తయారీదారు వెబ్‌సైటులోనూ మార్చాలి.

12. పెండింగ్ రీకాల్ ఉన్న కారును అమ్మవచ్చా? అద్దెకు ఇవ్వవచ్చా?

కొత్త కారు అయితే, రీకాల్ నోటీసు అందిన డీలరు పని పూర్తిచేయకుండా దాన్ని కొనుగోలుదారుకు అప్పగించకూడదు. పాత కారు అయితే అలాంటి నిషేధం ఫెడరల్ చట్టంలో లేదు. ఈ తేడా చాలామందికి తెలియదు. పెద్ద షోరూములో సర్టిఫికెట్‌తో అమ్మే పాత కారుకు కూడా పెండింగ్ రీకాల్ ఉండవచ్చు. రాష్ట్ర చట్టం వేరుగా ఉండవచ్చు. కొనేముందు విన్ ఎక్కించి చూసి, పెండింగ్ రీకాల్ ఉంటే పని పూర్తి చేయించాకే డబ్బు ఇస్తామని చెప్పే అవకాశం మీ చేతిలోనే ఉంది.

అద్దె కార్ల విషయంలో 2016 జూన్ 1 నుంచి నిబంధన కఠినం. 2004లో కాలిఫోర్నియాలో పెండింగ్ రీకాల్ ఉన్న అద్దె కారులో మరణించిన అక్కచెల్లెళ్ల పేరిట ఆ చట్టం వచ్చింది. 35 లేదా అంతకు మించి వాహనాలున్న అద్దె కంపెనీ, నోటీసు అందిన 24 గంటల్లోగా ఆ వాహనాలను అద్దెకివ్వడం ఆపాలి. నోటీసు ఆ కంపెనీకి చెందిన 5,000 పైచిలుకు వాహనాలకు వర్తిస్తే 48 గంటలు. యాప్ ద్వారా తన ఒక్క కారునూ అద్దెకిచ్చే వ్యక్తికి ఈ నిబంధన వర్తించదు. అలాంటి కారు తీసుకునేటప్పుడు విన్ మీరే చూసుకోవాలి.

లీజు కారుకు వచ్చిన రీకాల్ నోటీసు ప్రతిని లీజు ఇచ్చినవారు 10 రోజుల్లో మీకు పంపాలి.

13. టైర్లు, చైల్డ్ సీటు సంగతి?

వీటికి విన్ కుదరదు. సాధనంలో బ్రాండ్, మోడల్ పేరుతో వెతకాలి. టైరు పక్క గోడ మీద డాట్ అన్న అక్షరాలతో మొదలయ్యే సంఖ్యలో చివరి నాలుగంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. టైర్లకు గడువు కఠినం: నోటీసు అందిన తేదీ, మార్పిడి టైరు అందుబాటులో ఉందని తెలిపిన తేదీ, ఈ రెంటిలో ఏది తర్వాతిదైతే దాని నుంచి 180 రోజుల్లో టైరును సమర్పించాలి.

చైల్డ్ సీటు పెట్టెలో వచ్చే రిజిస్ట్రేషన్ కార్డు నింపి పంపితేనే తయారీదారుకు మీ చిరునామా తెలుస్తుంది. ఎవరో వాడి ఇచ్చిన సీటు అయితే దాని మీది లేబులులో మోడల్ సంఖ్య, తయారీ తేదీ చూసి మీరే నమోదు చేసుకోండి. లేబులు చిరిగిపోయిన సీటును వాడకండి.

14. కారు తనంతట తానే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకుంది. అది కూడా రీకాలేనా?

భద్రతా లోపాన్ని సరిచేయడానికి వచ్చినదైతే రీకాలే. పరిష్కారం ఇంటర్నెట్ ద్వారా వచ్చినంత మాత్రాన చట్టంలో తేడా లేదు. నివేదిక, నోటీసు అన్నీ యథాతథం. 2023 డిసెంబరులో టెస్లా సుమారు 20 లక్షల వాహనాలకు ఆటోపైలట్ విషయంలో ప్రకటించిన రీకాల్‌కు పరిష్కారం సాఫ్ట్‌వేర్ అప్‌డేటే. అప్‌డేట్ పూర్తిగా ఎక్కిందో లేదో కారు తెర మీద వెర్షన్ చూసి, తర్వాత సాధనంలో విన్‌తో సరిచూసుకోవాలి.

15. నా కారులో లోపం ఉంది, రీకాల్ లేదు. ఎవరికి చెప్పాలి?

సంస్థకు ఆన్‌లైన్‌లో గాని, 888-327-4236 హాట్‌లైన్‌లో గాని ఫిర్యాదు చేయండి. విన్, తేదీ, వేగం, ఏం జరిగింది, ఎవరికైనా గాయమైందా అన్నవి క్లుప్తంగా, ఊహలు కలపకుండా రాయండి. వ్యక్తిగత వివరాలు తొలగించి ఫిర్యాదులను సంస్థ బహిరంగపరుస్తుంది. సంస్థ మీ ఒక్కరి వివాదాన్ని తీర్చదు. ఒకే లోపంపై వచ్చే ఫిర్యాదుల ధోరణిని చూసి విచారణ మొదలుపెడుతుంది. లోపంపై విచారణ జరపాలని ఎవరైనా అధికారికంగా పిటిషన్ వేయవచ్చు. దాన్ని 120 రోజుల్లో ఆమోదించడమో, తిరస్కరించడమో చేయాలని చట్టం చెబుతోంది. పాడైన భాగాన్ని పారవేయకండి. ఫొటోలు తీసి, భాగాన్ని సంచిలో పెట్టి భద్రపరచండి.

16. హైదరాబాదులో, విజయవాడలో ఉన్న మా కారుకు ఈ సాధనం పనికొస్తుందా?

పనికిరాదు. అదే కంపెనీ, అదే పేరున్న మోడల్ అయినా భారత మార్కెట్ వాహనానికి ఇక్కడి రీకాల్ వర్తించదు. భారత్‌లో చాసిస్ నంబరును ఆ తయారీదారు భారతీయ వెబ్‌సైటులోని రీకాల్ పేజీలో ఎక్కించి గాని, అధీకృత సర్వీస్ సెంటరులో గాని చూసుకోవాలి. 2012 నుంచి స్వచ్ఛంద రీకాల్ నియమావళి అమల్లో ఉంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 110ఎ సెక్షన్ చేరింది. దాని కింద నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఆ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం రీకాల్‌కు ఆదేశించవచ్చు. తయారీదారు తానే లోపం గుర్తించి రీకాల్ మొదలుపెడితే ఆ సెక్షన్ కింద జరిమానా ఉండదు. వ్యక్తిగత నష్టానికి వినియోగదారుల కమిషన్ మార్గం వేరే ఉంది. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన తేదీ నుంచి రెండేళ్లు గడువు.

17. ఎన్నాళ్లకోసారి చూసుకోవాలి?

ఏడాదికి కనీసం రెండుసార్లని సంస్థ సూచన. సంస్థ వారి సేఫర్‌కార్ యాప్‌లో వాహనాన్ని చేర్చుకుంటే కొత్త రీకాల్ వచ్చినప్పుడు ఫోన్‌కు సమాచారం వస్తుంది. యాప్ ఉన్నా కొన్నప్పుడు, అమ్మేముందు, చిరునామా మారినప్పుడు, దూరప్రయాణానికి ముందు విన్‌తో ఒకసారి చూడండి. అమ్మానాన్నలను తీసుకురావడానికి విమానాశ్రయానికి మీ కారే వెళుతుంది గనక, వారి టికెట్లు ఖరారు చేసిన రోజే ఆ పనీ చేసి, పెండింగ్ రీకాల్ ఉంటే డీలరు అపాయింట్‌మెంట్ వారి రాకకు ముందే తీసుకోండి.